చీనీకాయల లారీ, మీటరు పైపు, భూమి చుట్టుకొలత

2023 జూలై మొదటి వారం. తొమ్మిదో తరగతిలో ఏదో చెబుతూ బోర్డు మీద భూమి వ్యాసార్థం 6,400 కిలోమీటర్లు అని రాశాను. క్లాసంతా తల వంచుకుని రాసుకుంది. ఒక్కరు కూడా "ఎవరు కొలిచారు సార్?" అనలేదు. అంటారని నేనూ అనుకోలేదు. పన్నెండేళ్లుగా ఆ అంకె బోర్డు మీద రాస్తున్న నాకే ఆ ప్రశ్న రాలేదు మరి. ఆ రోజెందుకో వచ్చింది.

"ఇది ఎవరు కొలిచారు, ఎట్లా కొలిచారు?" అని నేనే అడిగాను. ముందు బెంచీ అమ్మాయి లేచి "నాసా సార్" అంది. వెనక నుంచి ఎవరో "గూగుల్" అన్నారు. నవ్వులు. బెల్లు కొట్టారు.

మాది అనంతపురం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూలు. నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. పిల్లల్ని క్లాసులో నిలబెట్టడానికి అంతకుముందు నేను చేయని ప్రయత్నం లేదు. క్విజ్‌లు పెట్టాను, చాక్లెట్లు పంచాను, ఫోన్లో వీడియోలు చూపించాను. అన్నీ పది రోజుల ముచ్చటే. వీడియో అయితే మరీ. చూస్తున్నంతసేపు కళ్లప్పగించి చూస్తారు, ఆపి ఒక ప్రశ్న అడిగితే మళ్లీ మొదటికి వస్తారు. నేను వినోదం పెంచుతున్నాను తప్ప వాళ్లు చేయడానికి ఏ పనీ ఇవ్వడం లేదని చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఆ సాయంత్రం గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ కథ మళ్లీ చదివాను. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందటి మాట. ఈజిప్టులో సైనీ అనే ఊళ్లో వేసవిలో ఒక రోజు మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, బావి అడుగు దాకా ఎండ పడుతుంది. అదే రోజు ఉత్తరాన అలెగ్జాండ్రియాలో నీడ పడుతుంది. ఆ నీడ కోణం 7.2 డిగ్రీలు, అంటే వృత్తంలో యాభయ్యో వంతు. రెండు ఊళ్ల మధ్య దూరం 5,000 స్టేడియాలు (అప్పటి దూరం కొలత). యాభై పెట్టి గుణిస్తే భూమి చుట్టుకొలత. అంతే. కర్ర, ఎండ, దూరం. ఈ మూడూ మాకూ ఉన్నాయి కదా! లేనిదల్లా రెండో ఊరు.

రెండో ఊరు కూడా దొరికింది. నాతో బీఈడీ చేసిన మిత్రుడు ఆదిలాబాద్ దగ్గర ఒక స్కూల్లో లెక్కలు చెబుతాడు. అనంతపురం అక్షాంశం 14.7, ఆదిలాబాద్‌ది 19.7. దాదాపు ఒకే నిలువు గీత మీద, సరిగ్గా అయిదు డిగ్రీల తేడాలో ఉన్నాయి. ఈ సంగతి పిల్లలకు మాత్రం చెప్పకూడదని అనుకున్నాం. చెబితే కొలిచేదేముంది?

జూలై 25 ప్రాంతంలో ఆదిలాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకు నీడే పడదు. అదే రోజు మా దగ్గర మీటరు కర్రకు తొమ్మిది సెంటీమీటర్ల లోపు నీడ, అదీ దక్షిణం వైపు పడాలి. వాళ్లది సైనీ, మాది అలెగ్జాండ్రియా. కాగితం మీద చాలా అందంగా ఉంది ప్లాను. జూలైలో వానలు పడతాయన్న విషయం ఇద్దరు మాస్టర్లకూ గుర్తు రాలేదు.

ఆ వారం తెలంగాణలో కుండపోత. స్కూళ్లకు సెలవులు కూడా ఇచ్చేశారు. మిత్రుడికి ఫోన్ చేస్తే "ఎండే లేదురా నాయనా, ఇంక నీడెక్కడిది?" అన్నాడు. మా దగ్గర వాన లేదు కానీ మబ్బు. నలభై మంది పిల్లలు గ్రౌండ్‌లో పైపు చుట్టూ ముప్పావు గంట నిలబడి, నీడ కోసం చూసి చూసి, మధ్యాహ్న భోజనానికి వెళ్లిపోయారు. హెడ్మాస్టరు గారు వరండాలో నిలబడి "సిలబస్ ఎందాకా వచ్చింది సార్?" అని మాత్రం అడిగారు. ఆయన్ను తప్పు పట్టను. ఎఫ్‌ఏ పరీక్షలు నెత్తి మీదున్నాయి.

నేను దాదాపు వదిలేశాను. డిసెంబరులో మిత్రుడే గుర్తు చేశాడు. నీడ అసలే పడని రోజు కోసం చూడటం ఎందుకు, ఒకే రోజు రెండు చోట్లా నీడ కొలిస్తే కోణాల తేడా చాలు కదా అన్నాడు. డిసెంబరు 22న సూర్యుడు దక్షిణాన అన్నిటికంటే దూరంగా ఉంటాడు. ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పైగా అది రామానుజన్ పుట్టినరోజు, జాతీయ గణిత దినోత్సవం, స్కూల్లో ఏదో ఒకటి చేయాల్సిందే. హెడ్మాస్టరు గారు ఈసారి వెంటనే ఒప్పుకున్నారు. ఉపన్యాసాల కంటే ఇదే నయం అనుకున్నట్టున్నారు.

కోణాల తేడాకూ భూమి మధ్యలోని కోణానికీ సంబంధం ఏమిటో చెప్పడానికి చీనీకాయ (బత్తాయి) తెచ్చాను. మా ప్రాంతంలో చీనీ తోటలకు కొదవ లేదు. కాయకు రెండు అగ్గిపుల్లలు గుచ్చి ఎండలో పెట్టాం. ఒక పుల్లను సూటిగా సూర్యుడి వైపు తిప్పితే దాని నీడ మాయం, రెండో పుల్లకు నీడ పడింది. కాయను రెండు పుల్లల మీదుగా అడ్డంగా కోసి, పుల్లల్ని గీతలుగా మధ్యదాకా పొడిగించి చూపించాను. సూర్యకిరణాలు సమాంతర రేఖలు, పొడిగించిన పుల్ల వాటిని ఖండించే తిర్యగ్రేఖ. "ఏకాంతర కోణాలు సార్!" అని ఒక పిల్ల అరిచింది. ఏడో తరగతి నుంచి నేర్చుకుంటున్న ఏకాంతర కోణాలు ఒక పనికి వస్తాయని వాళ్లకు ఆ రోజే తెలిసింది. చీనీకాయ తర్వాత ఏమైందో చెప్పనక్కర్లేదు.

22వ తేదీ శుక్రవారం. కరెంటు పనులకు వాడే ప్లాస్టిక్ పైపును సరిగ్గా మీటరుకు కోశాం. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు ఒక పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చాడు. స్టేజీ గచ్చు మీద పైపు నిలబెట్టి, నాలుగు వైపులా గుండు వేలాడదీసి చూసుకున్నాం. గచ్చు సమంగా ఉందో లేదో చూడటానికి నీళ్లు పోశారు. అది నా ఆలోచన కాదు.

పదకొండు యాభై నుంచి అయిదేసి నిమిషాలకు ఒకసారి నీడ కొస దగ్గర చాక్‌పీసుతో గుర్తు. మొదటిది 80 సెంటీమీటర్ల పైన. సరిగ్గా పన్నెండుకు 79 పైచిలుకు. "ఇదే సార్ చిన్నది, పన్నెండయింది కదా" అని సగం మంది లేచిపోబోయారు. 12:05కి ఇంకా తగ్గింది. 12:10కి ఇంకా. 12:15కి, 12:20కి 78న్నర దగ్గర ఆగి, ఆ తర్వాత పెరగడం మొదలుపెట్టింది. పన్నెండు గంటలకు మిట్టమధ్యాహ్నం కాకపోవడం వాళ్లకు మింగుడు పడలేదు. గడియారం తప్పా, సూర్యుడు తప్పా? సోషల్ మేడం అటుగా వెళుతుంటే పట్టుకున్నారు. మన దేశపు గడియారం 82½ డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడ దగ్గర నుంచి పోతుంది, మనం దానికి అయిదు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాలు అని ఆవిడ చేతి వేళ్ల మీద చెప్పేసింది. ఇరవై నిమిషాలు. అచ్చంగా సరిపోయింది. ఆవిడ కూడా అంత బాగా సరిపోతుందని అనుకోలేదేమో, నిలబడి గుర్తులన్నీ మళ్లీ చూసి వెళ్లింది.

ఆదిలాబాద్ నుంచి వీడియో కాల్. వాళ్ల నీడ 94. నీడ కొస పొగలా మసకగా ఉంటుంది కాబట్టి అర సెంటీమీటరు అటూ ఇటూ అని మిత్రుడి పిల్లలే ముందుగా చెప్పారు. పైపు పొడవులో, నీడ పొడవులో సగం తీసుకుని చార్టు మీద త్రిభుజాలు గీసి, పైపు పైకొస దగ్గరి కోణాన్ని బోర్డు కోణమానినితో కొలిచాం. మాది 38, వాళ్లది 43. తేడా 5 డిగ్రీలు. వృత్తంలో డెబ్బై రెండో వంతు.

ఇక దూరం. ఇక్కడే చివరి బెంచీ అబ్బాయి మొదటిసారి నోరు విప్పాడు. నెలలో పది రోజులు స్కూలుకు రాడు. వస్తే కిటికీలోంచి హైవే చూస్తుంటాడు.

"సార్, మా నాయన లారీలో ఆ రోడ్డుకే పోతాడు సార్. చీనీకాయల లోడు, నాగపూర్‌కి. ఆదిలాబాద్ దాటే పోవల్ల."

నిజమే. 44వ నంబరు జాతీయ రహదారి మా ఊరి పక్క నుంచే కర్నూలు, హైదరాబాద్, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ పోతుంది. రాత్రికి వాళ్ల నాన్నకు ఫోన్ చేసి, రాసి పెట్టుకున్న మీటరు రీడింగులు అడిగి వచ్చాడు. 670 కిలోమీటర్లు. డెబ్బై రెండుతో గుణిస్తే 48,240.

పుస్తకంలోని వ్యాసార్థం ప్రకారం నలభై వేలకు కాస్త పైన రావాలి. ఎనిమిది వేలు ఎక్కువ. క్లాసు నీరుగారిపోయింది. నేను ఏమీ అనలేదు. తప్పు ఎక్కడుందో మీరే చూడండి అని వదిలేశాను. చెప్పేయాలని నాలుక దురద పెట్టిన మాట మాత్రం నిజం.

ఆ తర్వాతి క్లాసు రోజు పొద్దున క్లాసు ఫస్టు అమ్మాయి నోటుబుక్కు తెచ్చింది. "వచ్చేసింది సార్, 40,200." చూస్తే కోణం తేడా 6 డిగ్రీలు. మా నీడ కోణం 38ని 37 చేసింది. 670 ఇంటూ అరవై. లెక్క నిప్పులాంటిది, ఒక్క తప్పు లేదు. నీడ ముందు కొలిచావా, జవాబు ముందు రాశావా అని అడిగాను. తల దించుకుంది. ఆ పిల్లను ఏమీ అనబుద్ధి కాలేదు. ప్రాక్టికల్ రికార్డుల్లో జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి రీడింగులు రాయడం నేనూ చేసినవాణ్నే. ఏళ్ల తరబడి మేం నేర్పింది కూడా అదే.

అప్పుడు లారీ అబ్బాయి అన్నాడు: "గచ్చు మీద చాక్‌పీసు గీత ఇంగా ఉంది కదా సార్. పోయి కొలుద్దాం."

అందరూ పరిగెత్తారు. గీత ఉంది. 78న్నర. ఆ అమ్మాయే టేపు పట్టుకుని కొలిచి, తనే 38 అని దిద్దుకుంది.

అయితే తప్పు దూరంలోనే ఉండాలి. రోడ్డు వంకర్లు తిరుగుతుందని కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. హైదరాబాద్ దగ్గర లారీలు ఊళ్లోకి పోకుండా ఔటర్ రింగు రోడ్డు చుట్టి పోతాయని లారీ అబ్బాయి చెప్పాడు. మ్యాపు మీద స్కేలు పెట్టి సూటి దూరం కొలిచేస్తే సరి అన్నారు. నేనూ సరేనన్నాను. మధ్య బెంచీ నుంచి ఒక పిల్ల చేయెత్తింది.

"సార్, మ్యాపు గీసినోళ్లకు భూమి సైజు ముందే తెలుసు కదా? వాళ్ల కిలోమీటర్లు తీసుకుంటే మనం కొలిచినట్టు ఎట్లయితుంది?"

నా దగ్గర జవాబు లేదు. రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి మిత్రుడూ నేనూ గంటసేపు ఫోన్లో కొట్టుకున్నాం. చివరికి తేలింది ఇదీ: మ్యాపు నుంచి కిలోమీటర్లు తీసుకోం, ఆకారం మాత్రమే తీసుకుంటాం. కిలోమీటర్లు లారీవే.

స్కూలుకు కొత్తగా వచ్చిన డిజిటల్ ప్యానెల్ మీద మ్యాపు పెద్దది చేసి, రోడ్డు వంకర్ల వెంట దారం పరిచాం. 72 సెంటీమీటర్లు. ఆదిలాబాద్ అక్షాంశం నుంచి మా అక్షాంశానికి నిలువుగా ఒక దారం. 59. అంటే లారీ 72 పాళ్లు తిరిగితే దక్షిణానికి దిగేది 59 పాళ్లే. 670ని 59తో గుణించి 72తో భాగిస్తే 549. దాన్ని మళ్లీ 72తో గుణిస్తే 39,528 కిలోమీటర్లు.

ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత 40,008 కిలోమీటర్లు. తేడా అయిదు వందల లోపే. క్లాసులో కేకలు పక్క గదిలోని హిందీ మేడం వచ్చి చూసేంత.

ఇందులో మా పనితనం ఎంత, అదృష్టం ఎంత అన్నది కూడా వాళ్లతో లెక్క కట్టించాను. కోణమానిని మీద అర డిగ్రీ తప్పితే చాలు, జవాబు 36 వేలకు పడిపోతుంది, లేదా 44 వేలకు ఎగబాకుతుంది. నాలుగున్నర పెట్టి ఒకసారి, అయిదున్నర పెట్టి ఒకసారి చేసి చూసుకున్నారు. కేకలు కాస్త తగ్గాయి. "అయితే అర డిగ్రీ కూడా తప్పకుండా కొలవాలంటే ఏం చేయల్ల సార్?" అని లారీ అబ్బాయి. పైపు పొడవు పెంచాలన్నారు ఎవరో. జెండా స్తంభం నీడ కొలుద్దామన్నారు ఇంకెవరో. దాని నీడ కాంపౌండు గోడ మీద పడుతుందని మరొకరు. ఆ వాదన భోజనాల దాకా సాగింది.

ఆ అబ్బాయి రోజూ స్కూలుకు రావడం మొదలుపెట్టాడని రాయాలని నాకూ ఉంది. అలా ఏం జరగలేదు. చీనీ సీజన్‌లో మళ్లీ మానేశాడు. కానీ ఎస్‌ఏ పరీక్షలో "భూమి వ్యాసార్థం ఎంత?" అన్న బిట్టుకు 6,400 అని రాసి, పక్కన బ్రాకెట్లో "మాకు 6,294 వచ్చింది" అని రాశాడు. చుట్టుకొలత నుంచి వ్యాసార్థం ఎప్పుడు లెక్క కట్టాడో నాకు తెలియదు. 39,528ని 3.14 రెట్టింపుతో భాగించి చూశాను. సరిగ్గానే ఉంది.

ఆదిలాబాద్ పిల్లలు మాత్రం ఇప్పటికీ పేచీ పెడుతున్నారట, ఆ 94లో అర సెంటీమీటరు ఎక్కువ చదివామని.