మ్యాగీ వాకర్ ఇంటి నుంచి ఆఫీసు దాకా

అమెరికాలో వర్జీనియా రాజధాని రిచ్మండ్‌కి వెళ్లిన మనవాళ్లందరికీ చూపించేవి దాదాపు అవే: షార్ట్ పంప్ మాల్, గ్లెన్ ఆలెన్‌లో గుడి, తీరిక ఉంటే విలియమ్స్‌బర్గ్. చెల్లి వాళ్లు నాకూ అవే చూపించారు. ఆ తిరుగుళ్లలో ఐ-95 హైవే మీద ఎన్నిసార్లు పోయామో! ఆ రోడ్డు జాక్సన్ వార్డ్ అనే పాత నల్లవాళ్ల పేటను చీల్చుకుంటూ పోతుందని గానీ, అక్కడ, నల్లవాళ్ల కోసం బ్యాంకు పెట్టిన మ్యాగీ లీనా వాకర్ ఇల్లుందని గానీ ఒక్కరూ అనలేదు. పట్టుబట్టి అడిగితే, "పాత ఇళ్లు తప్ప అక్కడేం ఉంటాయి వదినా" అంటూనే మరిదిగారు దింపి వెళ్లారు.

ఇల్లు ఈస్ట్ లీ స్ట్రీట్‌లో ఉంది. ఎర్ర ఇటుక, 28 గదులు. నేషనల్ పార్క్ వాళ్లు చూసుకుంటున్నారు, టికెట్ లేదు. తిప్పి చూపించిన రేంజర్ నడివయసు నల్లజాతి మహిళ. చదివి అప్పజెప్పినట్టు కాకుండా, సొంత మేనత్త గురించి చెబుతున్నట్టు చెప్పింది. మ్యాగీ తల్లి బట్టలుతికి పిల్లల్ని సాకింది. ఆ మూటలు మోసిన పిల్లే తర్వాత, "నేను నోట్లో వెండి చెంచాతో పుట్టలేదు, దాదాపు నెత్తిన బట్టల బుట్టతో పుట్టాను" అంది. నల్లవాళ్ల జబ్బు ఖర్చులకూ చావు ఖర్చులకూ ఆదుకునే సెయింట్ లూక్ సంఘం పగ్గాలు 1899లో ఆమె చేతికొచ్చాయి. అప్పుడు ఖజానాలో ఉన్నది 31 డాలర్ల 61 సెంట్లు.

మాది నెల్లూరు జిల్లా. సారా ఉద్యమం తర్వాత పొదుపులక్ష్మి సంఘాలు వచ్చినప్పుడు అమ్మ రోజుకో రూపాయి కట్టేది. రూపాయితో ఏం ఉద్ధరిస్తారని అరుగుల మీద మగవాళ్లు నవ్వడం నా చెవులతో విన్నాను. అందుకే, నికెళ్లను, అంటే ఐదు సెంట్ల నాణేలను, తీసుకుని డాలర్లు చేసే బ్యాంకు మనకు కావాలని మ్యాగీ 1901లో సంఘం సభలో అన్న మాట రేంజర్ నోట వింటే నాకు గొంతు పట్టేసింది. రెండేళ్లకే, 1903లో, ఆ బ్యాంకు తెరిచారు. వంటమనుషులు, చాకలి పనిచేసే ఆడవాళ్లు చిల్లర తెచ్చి దాచుకున్నారు. వాళ్లు ఇళ్లు కొనుక్కోవడానికి అప్పులిచ్చిందీ ఆ బ్యాంకే.

1904లో రిచ్మండ్ ట్రామ్ కంపెనీ నల్లవాళ్లను వేరే కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. అలా కూర్చోబెట్టి తీరాలని చట్టం అనలేదు, ఆ వీలు మాత్రం ఇచ్చింది. మ్యాగీ, పత్రికా సంపాదకుడు జాన్ మిచెల్ జూనియర్ కలిసి ట్రాములెక్కొద్దని పిలుపిచ్చారు. పనిమనుషులు, కూలీలు మైళ్లకు మైళ్లు నడిచారు. అదే ఏడాది కంపెనీ దివాలా తీసింది. 1906లో రాష్ట్రమే ఆ విభజనను తప్పనిసరి చేసేసింది. ఆ నడకంతా వృథా అని మాత్రం నేనొప్పుకోను.

మధ్యాహ్నం దగ్గర్లోనే క్యాట్‌ఫిష్ వేపుడు, కాలర్డ్ ఆకుకూర, కార్న్‌బ్రెడ్ తిన్నాను. టిప్పుతో ముప్పై డాలర్లు దాటింది. ఆకుకూర బాగుంది, ధర మాత్రం అన్యాయం.

తర్వాత మ్యాగీ రోజూ ఆఫీసుకెళ్లిన దారిలో నడుద్దామనిపించింది. సెయింట్ లూక్ భవనం ఉత్తరాన, సెయింట్ జేమ్స్ స్ట్రీట్‌లో ఉంది. కొంచెం దూరం పోగానే కాళ్ల కింద ఆరు వరుసల హోరు! 1950ల్లో ఈ హైవే కోసం జాక్సన్ వార్డ్ నడిమధ్యన ఇళ్లు కూలగొట్టారు. ఆవిడ ఇల్లు ఇటు, ఆవిడ ఆఫీసు అటు. వంతెన కంచె పట్టుకుని చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. నికెల్ నికెల్ కూడబెట్టి కొనుక్కున్న ఇళ్లవి. మనం గుడికెళ్లేటప్పుడు ఏసీ వేసుకుని ఆ ఇళ్లున్న చోటి మీదుగానే పోతున్నాం.

మరిదిగారు వచ్చాక బ్రాడ్ స్ట్రీట్ మీదుగా పొమ్మన్నాను. ఆడమ్స్ స్ట్రీట్ మూలన 2017లో పెట్టిన ఆవిడ కంచు విగ్రహం దగ్గర ఆగాం. కింద చెక్కినవన్నీ ఆయన నిలబడి చదివి, "పిల్లల్ని ఒకసారి తీసుకురావాలి వదినా" అన్నారు. శనివారం తెమ్మన్నాను. విగ్రహం ఒక్కటీ చూపించి వెనక్కి తిప్పకండి, ఆ వంతెన కూడా నడిపించండి అని చెప్పాను.