లంబసింగి చలిలో బుల్లెట్ అలక

తెల్లవారుజామున నాలుగున్నరకి టెంటు జిప్పు తీసి తల బయటపెట్టగానే చెవులు జివ్వుమన్నాయి. ఫోన్‌లో 6 డిగ్రీలని చూపిస్తోంది. పొగమంచులో మా బళ్ళు కనపడలేదు. తడుముకుంటూ వెళ్ళి చెయ్యి వేస్తే నా బుల్లెట్ సీటు మీద వాన కురిసినట్టు నీళ్ళు.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రులా బిగుసుకుపోతాడని ఆ పేరట. మనుషుల సంగతేమో గానీ, నాన్న దగ్గర్నుంచి నాకొచ్చిన 1988 మోడల్ బుల్లెట్ మాత్రం అలాగే బిగుసుకుపోయింది.

ముందురోజు మధ్యాహ్నం నర్సీపట్నంలో చెమటకి ఆగలేక జాకెట్ విప్పేశాను. డౌనూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే మళ్ళీ వేసుకున్నాను. 30 కిలోమీటర్లు వచ్చేసరికి దాదాపు 1000 మీటర్ల ఎత్తు. కింద ఒక్క కిక్కుకి పలికిన బండి పైన కూడా పలుకుతుందనే అనుకున్నాను.

పాత బుల్లెట్ స్టార్ట్ చేయడం తెలియనివాళ్ళకి పూజలా కనిపిస్తుంది. తాళం తిప్పి కిక్కు రాడ్‌ని కాలితో మెల్లగా నొక్కుతుంటే, బ్యాటరీ కరెంటు చూపించే ఆంప్‌మీటర్ ముల్లు ఎడమకి వాలుతుంది. స్పార్క్ పుట్టించే స్విచ్చు, అంటే ప్లాటినం పాయింట్లు, మూసుకున్నాయన్నమాట. ఇంకాస్త నొక్కితే అవి విడిపడి ముల్లు నడిమికి వచ్చేస్తుంది. అక్కడ ఆగాలి. ఇంజిన్ లోపలి ఒత్తిడిని వదిలేసే, హ్యాండిల్ మీదున్న డీకంప్రెషన్ లివర్ పట్టి, పిస్టన్‌ని వెంట్రుకవాసి దాటించి, లివర్ వదిలేసి, కిక్కుని పైకి రానిచ్చి అప్పుడు ఒంటి బరువంతా వేసి తొక్కాలి. భయపడి సగం తొక్కితే రాడ్ వెనక్కి తన్నుతుంది. ఆ దెబ్బ నా కుడి పిక్కకి బాగా తెలుసు.

నోట్లో టార్చి పెట్టుకుని అంతా పద్ధతిగానే చేశాను. మూడో కిక్కుకి ‘డుగ్... డుగ్’ అంది. ప్రాణం లేచొచ్చి, ఆ సంబరంలో చటుక్కున రేజ్ చేశాను. అంతే, ఆగిపోయింది.

చోక్ వేసి ఉన్నప్పుడు రేజ్ ముట్టుకోవద్దని నాన్న వంద సార్లు చెప్పుంటారు. చలిలో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, సగం దారిలోనే గొట్టం గోడలకి తడిగా అంటుకుపోతుంది. ఆ లోటు తీర్చడానికే చోక్ దారిలో అదనంగా పెట్రోల్ వస్తుంది. కానీ ఈ రకం కార్బురేటర్‌లో రేజ్ మూసి ఉంటేనే ఇంజిన్ ఆ దారిలోంచి గట్టిగా పీల్చగలదు. తెరిస్తే గాలంతా అటు దూరి చోక్ వేసీ వేయనట్టే. పైగా రాత్రి చలికి ఆయిల్ ఆముదంలా చిక్కబడి, నా కాలి బలంలో సగం అదే తినేస్తోంది.

తెలిసి కూడా పంతానికి పోయాను. చోక్ తీయకుండా ఇరవై కిక్కులు కొట్టుంటాను. పెట్రోల్ వాసన గుప్పుమంది. ఓవర్‌ఫ్లో.

బావ అప్పుడు లేచాడు. వాడిది యెజ్డీ 250, నేను ఎప్పుడూ వెక్కిరించే టూ స్ట్రోక్ డబ్బా. దానికి గేర్ రాడ్డే కిక్కు రాడ్డు, లోపలికి నొక్కి పైకి తిప్పుకోవాలి. కార్బురేటర్ మీదున్న బుడిపెను పెట్రోల్ చుక్క కారేదాకా నొక్కాడు. వేళ్ళు ప్యాంటుకి తుడుచుకుని రెండు కిక్కులు కొట్టాడు. టెంట్ల మధ్య తెల్లటి పొగ లేచింది, ఎవరో లోపల్నుంచి తిట్టారు కూడా.

“ఏటి బామ్మర్దీ, మీ నాన్నగారి ఏనుగు లేవట్లేదా?”

“నువ్వు ముందు పొగ ఆపు బావా.”

ఈలోగా ఓ కుర్రాడు స్కూటర్ బటన్ నొక్కి మా పక్కనుంచి జుయ్యిమని వెళ్ళిపోయాడు. వాడి మీద నాకొచ్చిన కోపానికి అర్థం లేదు.

టీ కొట్టు దగ్గర చలిమంట వేశారు. ప్లగ్గు విప్పితే నల్లగా, తడిగా ఉంది. గరుకు కాగితంతో రుద్ది, పట్టకారుతో నిప్పుల అంచున పట్టుకున్నాను. టీ పోస్తున్నామె నన్నూ ప్లగ్గునీ మార్చి మార్చి చూసి, “కాల్చుకు తింటారా బాబూ?” అంది. బావ నవ్వు ఆపడానికి ఇంకో టీ పట్టింది.

బండి దగ్గరికొచ్చి, ప్లగ్గు పెట్టకముందే పెట్రోల్ ట్యాప్, చోక్ కట్టేసి, తాళం తీసి, రేజ్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఏడెనిమిది ఖాళీ కిక్కులు కొట్టాను. లోపలి తడి బయటికి పోవాలి కదా. తర్వాత వెచ్చటి ప్లగ్గు బిగించి, ట్యాప్ తెరిచి, చోక్ లేకుండానే తొక్కితే నాలుగో కిక్కుకి అందుకుంది. అప్పటికి ఎండ మొహం మీదకొచ్చేసింది. దగ్గర్లోని చెరువులవేనం కొండ మీద చూద్దామనుకున్న సూర్యోదయం ఆ రోజుకి లేనట్టే.

ఇంకో రాత్రి ఉండిపోయాం. ఈసారి ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో గుడ్డ కుక్కి, బండి మీద గోనెసంచులు కప్పాను. ప్లగ్గుని చొక్కా జేబులో వేసుకుని రగ్గు కప్పుకున్నాను. బావ ఏమీ అనలేదు గానీ ఫోటో తీసి మా అక్కకి పంపాడు. పొద్దున్న చోక్ వేసి, కుడిచేతిని జేబులో పెట్టేసుకుని తొక్కాను. రెండో కిక్కు.

చెరువులవేనంలో లోయ నిండా మబ్బులు పాలపొంగులా పరుచుకుని ఉన్నాయట. బావ తీసిన ఫోటోల్లో చూశాను. నేను మాత్రం కింద బండి దగ్గరే నిలబడ్డాను, ఇంజిన్ ఆపే ధైర్యం లేక.