బాక్సులో చీర

2 ఫిబ్రవరి 2025, ఆదివారం
తిరుపతి

బడ్జెట్ మర్నాటి పేపరు కదా, మొదటి పేజీ నిండా 12 లక్షల వరకు పన్ను లేదన్న వార్తే. నాన్న అప్పుడే పెన్ను తీసి తమ్ముడి జీతానికి లెక్కలు కడుతున్నారు. నా కంట పడింది మాత్రం లోపలి పేజీలో చుట్టూ గీత గీసి విడిగా వేసిన చిన్న వార్త, బాక్సు ఐటం. నిర్మలా సీతారామన్ కట్టుకున్న చీర, దాని మీద చేపల బొమ్మలు, బంగారు అంచు, మధుబని చిత్రకారిణి దులారీ దేవి కానుకగా ఇచ్చిన వైనం. కింద ఏ బడ్జెట్‌కు ఏ చీరో చూపిస్తూ ఫొటోల వరుస. 2021 నాటి పోచంపల్లి చీర కూడా ఉంది.

చీర గురించి రాయడమే తప్పని నేననను. అసలు రాయాల్సినంత రాయలేదనే నా కోపం. మధుబని ఉన్నది బిహార్‌లో. అక్కడ ఈ ఏడాదే ఎన్నికలు. బడ్జెట్‌లో తామర గింజల్లాంటి మఖానా పంటకు ప్రకటించిన బోర్డూ బిహార్‌కే. ఈ మూడూ కలిపి చూస్తే అది అచ్చమైన రాజకీయ వార్త. మా పేపరు మాత్రం అంచు దగ్గరే ఆగిపోయింది. వరుసగా ఎనిమిదో బడ్జెట్ ప్రవేశపెట్టిన మంత్రి ఎత్తుగడ పట్టుకోవడం చేతకాక, ఆవిడ అభిరుచిని మెచ్చుకుని ఊరుకుంది. చిదంబరం ఏళ్ల తరబడి తెల్ల పంచెలోనే బడ్జెట్ చదివారు. ఆ పంచె అంచు మీద బాక్సు ఐటం నేనైతే చూడలేదు.

మధ్యాహ్నం పాకాల నుంచి పెద్దమ్మ వచ్చింది, సంచినిండా అనపకాయలతో. ఒకప్పుడు వాళ్ల ఊరి సర్పంచి. కాయలు ఒలుస్తూ చీర సంగతి చెబితే, తన మీద వచ్చిన వార్త గుర్తుందా అంది. గుర్తు లేకేం! ఆ కటింగు లామినేషన్ చేయించి వాళ్ల హాల్లో పెట్టారు. ఫొటోలో కుర్చీలో కూర్చున్నది పెదనాన్న. మెడలో దండతో పక్కన నిలబడింది సర్పంచి. తాగునీటి గురించి, చెరువు పూడిక గురించి చెప్పిందంతా పెదనాన్నే. పెద్దమ్మను విలేకరి అడిగింది ఇంటినీ పంచాయతీనీ ఎలా నెట్టుకొస్తారని. వార్త నిండా ఆమె ఓర్పు, ఆమె చిరునవ్వు.

తిట్టి రాస్తే ఖండన పంపవచ్చు, మరీ శ్రుతి మించితే కోర్టుకెక్కవచ్చు. పొగిడి పక్కన కూర్చోబెడితే ఏమని ఖండించాలి? పైగా ఇంటికొచ్చిన చుట్టాలందరికీ అదే చూపించి మురిసిపోవాలి. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్లంటూ 2023లో చేసిన చట్టం అమలయ్యేనాటికి మన పేపర్లకు ఎన్ని బాక్సులు కావాలో!

"మరి ఆ విలేకరి ప్రశ్నకు నువ్వేం చెప్పావు?" అని అడిగాను.

"ఇంట్లో కోడలుంది, ఆ సంగతి వదిలేసి చెరువు గురించి అడగవయ్యా అన్నాను. ఆ ముక్క వేయలేదు" అంది పెద్దమ్మ.