యూబిక్విటిన్ ప్రశ్నల్లో మార్కులు పోయేది ఎక్కడ?

సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కి చదివేవాళ్లు ప్రోటీన్ డిగ్రడేషన్ (పోవాల్సిన ప్రోటీన్‌కి యూబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ని గుర్తుగా తగిలించి ముక్కలు చేయడం) అనగానే ఆ గుర్తు తగిలించే ఎంజైమ్‌లకి ఈ1, ఈ2, ఈ3 అని మూడు గడులు గీసి, చివర ముక్కలు చేసే ప్రోటియాసోమ్ బొమ్మ వేసి పేజీ తిప్పేస్తారు. పార్ట్ సీలో వచ్చే 4 మార్కుల ప్రశ్నకి ఆ బొమ్మ చాలదు. ఒక లైసిన్‌ని ఆర్జినిన్‌గా మార్చారు, ఒక ఇన్హిబిటర్ వేశారు, బ్లాట్‌లో (ప్రోటీన్‌ని పట్టీలుగా చూపే పరీక్షలో) ఏం కనిపిస్తుంది? అడిగేది ఇలా ఉంటుంది.

ముందు ఒక సంగతి తేల్చుకోండి: గుర్తుపట్టడం రెండుచోట్ల జరుగుతుంది. ఏ ప్రోటీన్ పోవాలో తేల్చేది ఈ3. అది చూసేది ఆ ప్రోటీన్‌లోని డెగ్రాన్‌ని, అంటే ఈ3 గుర్తుపట్టే భాగాన్ని. ప్రోటియాసోమ్ వెతికేది మాత్రం పైన కట్టిన యూబిక్విటిన్ గొలుసుని. డెగ్రాన్ తీసేస్తే గొలుసే పడదు. ప్రోటియాసోమ్‌ని ఆపితే గొలుసు పడిన ప్రోటీన్ పేరుకుపోతుంది. రెంటిలోనూ ప్రోటీన్ పెరుగుతుంది కాబట్టే ఆప్షన్లలో తికమక.

కెమిస్ట్రీలో పట్టుకోవాల్సినవి తక్కువే. యూబిక్విటిన్ పొడవు 76 అమైనో ఆమ్లాలు, చివర గ్లైసిన్. ఈ1 దగ్గర ఏటీపీ ఖర్చయి ఏఎంపీ, పైరోఫాస్ఫేట్ వస్తాయి. ఏడీపీ అని పెట్టిన ఆప్షన్ వల. ఈ1, ఈ2ల మీద సిస్టీన్‌తో థయోఎస్టర్ బంధం, చివరికి టార్గెట్ లైసిన్‌తో ఐసోపెప్టైడ్ బంధం. హెక్ట్ రకం ఈ3 (ఈ6ఏపీ లాంటిది) యూబిక్విటిన్‌ని ముందు తన సిస్టీన్ మీదకి తీసుకుంటుంది. రింగ్ రకం (ఎండీఎం2) ఈ2ని, టార్గెట్‌ని దగ్గరకి చేర్చి ఊరుకుంటుంది.

డెగ్రాన్ల మీద మాత్రం తొందరపడకండి, పరీక్షకి అసలు సరుకు ఇదే. ఆక్సిజన్ తగ్గినప్పుడు పనిచేసే హిఫ్-1ఆల్ఫా అనే ప్రోటీన్‌లో 402, 564 స్థానాల ప్రోలిన్‌లకి ఆక్సిజన్ ఉన్నప్పుడే హైడ్రాక్సిల్ చేరుతుంది, అప్పుడే వీహెచ్ఎల్ (ఈ3లో టార్గెట్‌ని గుర్తుపట్టే భాగం) దాన్ని పట్టుకుంటుంది. ఆ హైడ్రాక్సిల్ చేర్చే ఎంజైమ్‌కి ఇనుము కావాలి. అందుకే ఇనుముని పట్టేసుకునే ఐరన్ కీలేటర్ వేస్తే ఆక్సిజన్ ఉన్నా హిఫ్ నిలబడుతుంది. కణ విభజనకి బ్రేకు వేసే పీ27 అయితే 187వ థ్రియోనిన్ మీద ఫాస్ఫేట్ పడ్డాకే ఎస్‌సీఎఫ్-ఎస్‌కేపీ2 అనే ఈ3కి కనిపిస్తుంది. సైక్లిన్ బీ (మైటోసిస్ నడిపే సీడీకే1 అనే ఎంజైమ్‌ని పనిచేయించే ప్రోటీన్) విషయంలో ఎన్-చివర దగ్గరి డిస్ట్రక్షన్ బాక్స్ అనే డెగ్రాన్ తీసేసిన ప్రశ్నని రకరకాలుగా తిప్పి అడగొచ్చు. దాని ఈ3 అయిన ఏపీసీ బాగానే ఉంది కాబట్టి క్రోమాటిడ్లు విడిపోకుండా ఆపే సెక్యూరిన్ పోతుంది, సిస్టర్ క్రోమాటిడ్లు విడిపోతాయి. కానీ సీడీకే1 చల్లారదు, కణం మైటోసిస్ నుంచి బయటపడదు. ఏపీసీనే దెబ్బతీస్తే సెక్యూరిన్ కూడా మిగులుతుంది, మెటాఫేజ్ దగ్గరే ఆగుతుంది. ఈ రెంటినీ పక్కపక్కన గీసుకోండి.

గొలుసు రకం చూడకుండా జవాబు పెట్టకండి. కె48 గొలుసు (యూబిక్విటిన్‌లోని 48వ లైసిన్ మీద తర్వాతది చేరేది) అంటే ప్రధానంగా ప్రోటియాసోమ్. కె63 ఎక్కువగా సిగ్నలింగ్, డీఎన్ఏ రిపేర్, ఎండోసైటోసిస్ వైపు. మెంబ్రేన్ రిసెప్టర్ యూబిక్విటిన్ పడి లైసోసోమ్‌కి వెళ్తే, దాన్ని ఆపేది క్లోరోక్విన్ లేదా బాఫిలోమైసిన్.

ఇక ప్రయోగాలు. సైక్లోహెక్సిమైడ్ చేజ్‌లో కొత్త తయారీ ఆగుతుంది, ఉన్న ప్రోటీన్ ఎంత వేగంగా తగ్గుతోందో చూస్తాం. ప్రోటియాసోమ్‌ని ఆపే ఎంజీ132 వేరే ప్రోటీన్లు కోసే ఎంజైమ్‌లైన కాల్‌పెయిన్‌లనీ కొన్ని కాథెప్సిన్‌లనీ కూడా ఆపగలదు, కాబట్టి ప్రోటియాసోమ్‌నే ఆపే ఎపాక్సోమైసిన్‌తో కూడా అదే ఫలితం వస్తే నమ్మకం ఎక్కువ. ఎంజీ132 వేశాక కూడా యూబిక్విటిన్ నిచ్చెన (బ్లాట్‌లో గొలుసుల పొడవుని బట్టి మెట్లుగా కనిపించే పట్టీలు) కనపడలేదని ప్రశ్నలో ఉంటే, గొలుసు పడలేదని వెంటనే తేల్చేయకండి. కణాలని పగలగొట్టే లైసిస్ బఫర్‌లో ఎన్-ఇథైల్‌మాలిమైడ్ వేశారా చూడండి. వేయకపోతే యూబిక్విటిన్‌ని ఊడదీసే డీయూబిక్విటినేజ్‌లు ట్యూబ్‌లోనే గొలుసులు తెంపేస్తాయి.