ఖాళీ డ్రాయింగ్‌తో మొదలుపెట్టాను

నేను చేరిన ఆఫీసులో కొత్త ఇంటి ప్లాన్ అంటే, ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో పాత ప్లాన్ ఓపెన్ చేసి, పేరు మార్చి సేవ్ యాజ్ కొట్టడమే. పని తొందరగా అయిపోతుంది, నిజమే. కానీ ఎవరెవరో పెట్టుకున్న లేయర్లు (గీతలను రకాలుగా విడదీసే పొరలు), పనికిరాని బ్లాకులు (తలుపు, బేసిన్ లాంటి రెడీమేడ్ బొమ్మలు), కొలతలు రాసే రకరకాల డైమెన్షన్ స్టైళ్లు అన్నీ వెంట వచ్చేస్తాయి. ఒక ఫైల్లో గోడలే మూడు లేయర్లలో ఉన్నాయి. అందుకే 30×40 తూర్పు ముఖం సైటు నా చేతికి రాగానే, ఆటోక్యాడ్‌లో ఖాళీ డ్రాయింగ్‌తోనే మొదలుపెడతానని సీనియర్‌తో చెప్పాను. "టైమ్ పడుతుంది, చూసుకో" అన్నాడు అన్న.

న్యూ కొట్టగానే టెంప్లేట్, అంటే ముందే సెట్టింగులు పెట్టి ఉంచిన నమూనా ఫైలు, ఏది కావాలో అడుగుతుంది. ఏక్యాడ్ అన్నది అంగుళాలకు, ఏక్యాడ్ ఐఎస్ఓ అన్నది మిల్లీమీటర్లకు. మా మేస్త్రీ టేపు చదివేది అడుగుల్లోనే, ఓనరు అడిగేదీ "హాలు ఎన్ని అడుగులు వచ్చింది?" అనే. మొదటిదే తీసుకున్నాను.

తర్వాత యూనిట్స్. నా లెక్కలో అసలు పని ఇదే. టైప్ ఆర్కిటెక్చరల్ (అడుగులు, అంగుళాలు), ఇన్సర్షన్ స్కేల్ (బయటి బ్లాకులు తెచ్చేటప్పుడు చూసే యూనిట్) అంగుళాలు పెట్టాను. ఇక ఒక యూనిట్ అంటే ఒక అంగుళం. ఉత్త 30 అని కొడితే 30 అంగుళాల గీత వస్తుంది, పక్కన అడుగు గుర్తు పెడితేనే 30 అడుగులు. డెసిమల్‌లో ఉంటే ఆ గుర్తునే ఒప్పుకోదు. నాలుగడుగుల ఆరున్నర అంగుళాలు కావాలంటే 4'6-1/2 అని కొట్టాలి. ఆరుకీ అరకీ మధ్య స్పేస్ ఇస్తే దాన్ని ఎంటర్ అనుకుంటుంది, అందుకే ఆ అడ్డగీత. ఇన్సర్షన్ స్కేల్ సరిగ్గా ఉంటే, మిల్లీమీటర్లలో గీసి ఆ యూనిట్‌తోనే సేవ్ చేసిన వాష్ బేసిన్ బ్లాకు తెచ్చినా దానంతట అదే సరైన సైజుకి వస్తుంది.

లేయర్లు గోడలకొకటి, కాలమ్స్‌కొకటి, తలుపులు కిటికీలకొకటి, డైమెన్షన్లకొకటి, టెక్స్ట్‌కొకటి. డెఫ్‌పాయింట్స్ అని ఆటోక్యాడ్ తనే చేసుకునే లేయర్ మీద మాత్రం ఏమీ గీయలేదు, అది ప్రింటులో రాదు.

నాకు టెన్షన్ అంతా లేఅవుట్, అంటే ప్రింటుకి డ్రాయింగ్ సర్దే పేజీ దగ్గరే. షీటు ఏ3, అంటే 420×297 మిల్లీమీటర్లు. లోపల డ్రాయింగేమో అంగుళాల్లో. కాగితం మీద అసలు సైజులో వందో వంతు, అంటే 1:100 రావాలంటే ఎలా? అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దాన్ని వందతో భాగిస్తే 0.254. లేఅవుట్‌లో డ్రాయింగ్ కనిపించే కిటికీ లాంటి వ్యూపోర్ట్ లోపలికి వెళ్లి జూమ్‌లో 0.254 ఎక్స్‌పీ (కాగితంతో పోల్చిన స్కేలు) అని ఇచ్చి, వ్యూపోర్ట్ లాక్ చేశాను. స్కేలు వ్యూపోర్ట్‌లోనే పెట్టాను కాబట్టి ప్లాట్, అంటే ప్రింటు, 1:1లో తీశాను. కాగితం బల్ల మీద పరిచి స్కేలు పెట్టి కొలిస్తే 30 అడుగుల వైపు 91 మిల్లీమీటర్లు దాటి కాస్త, 40 అడుగుల వైపు దాదాపు 122. లెక్క అచ్చంగా సరిపోయింది. ఎంత సంతోషమేసిందో!

గీసినవన్నీ తీసేసి, యూనిట్లు, లేయర్లు, ఏ3 లేఅవుట్ మాత్రం ఉంచి డీడబ్ల్యూటీగా, అంటే టెంప్లేట్ ఫైలుగా, సేవ్ చేశాను. ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్‌కి వెళ్లి క్యూన్యూకి (కొత్త డ్రాయింగ్ తెరిచే కమాండ్) దాన్నే డిఫాల్ట్ టెంప్లేట్‌గా పెట్టాను. మొన్న ఒక డూప్లెక్స్ పని అన్న కూడా దాంతోనే మొదలుపెట్టాడు. మెట్లకు లేయర్ లేదని చెప్తే అదీ కలిపాను.