బోబో కొమ్మలు కత్తిరించిన శనివారం

ఇవాళ ఎండ కాస్త గట్టిగానే వచ్చింది, మంచంతా కరిగిపోయి నేల కనబడుతోంది, ఇంక ఆగబుద్ధి కాక కత్తెర పట్టుకుని ముందు యార్డ్‌లోకి వెళ్లిపోయా. మినియాపొలిస్‌లో ఏప్రిల్ అంటే ఇంతే, పొద్దున జాకెట్, మధ్యాహ్నం టీషర్ట్. మెట్లకి అటూ ఇటూ ఉన్న బోబో హైడ్రాంజియాలకి, అదే గుత్తులుగా పూసే పొట్టి పొదలకి, పోయినేడాది పూలగుత్తులు ఎండిపోయి ఇంకా అలాగే ఉన్నాయి. చలికాలమంతా చూడ్డానికి బావుంటాయని నేనే ఉంచేస్తా.

నాలుగు కొమ్మలు కట్ చేశానో లేదో అత్తయ్య శాలువా కప్పుకుని వచ్చేశారు. "అదేంటమ్మా, పచ్చిగా ఉన్న కొమ్మలు తీసేస్తున్నావ్, ఇంక పూలెక్కడ పూస్తాయి?" అన్నారు. లేదత్తయ్యా, మన గులాబీ కొమ్మ కత్తిరిస్తే కొత్త చిగురుకి పువ్వొస్తుంది కదా, ఇదీ అంతే, ఈ వసంతంలో వచ్చిన కొమ్మకే జూలైలో పూస్తుంది అని చెప్పా. మూడోవంతు దాకా తీసేసినా ఏం కాదు, కొమ్మ బలంగా వస్తుంది.

నాకు ఈ మొక్కంటే ఇంత ఇష్టం ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. ఊటీలో కనిపించే గుండ్రటి నీలం హైడ్రాంజియా ఉందే, మాక్రోఫిల్లా అనే జాతి, అది చాలావరకు ముందు ఏడాది కొమ్మల మీదే మొగ్గలు కట్టి పెట్టుకుంటుంది, ఇక్కడ మైనస్ 25, మైనస్ 30 సెల్సియస్‌కి ఆ మొగ్గలు మాడిపోతాయి, వేరు బతికి ఎండాకాలంలో ఆకులు గుబురుగా వస్తాయి కానీ పువ్వు ఉండదు. బోబో పానికులాటా అనే వేరే జాతి, చలికాలంలో కాపాడుకోవాల్సిన పూమొగ్గలే దాని మీద ఉండవు, జోన్ 3 చలి కూడా తట్టుకుంటుంది (ఇక్కడ చలిని బట్టి ప్రాంతాలకి నంబర్లు ఇస్తారు, నంబర్ తగ్గేకొద్దీ చలి ఎక్కువ). పైగా మూడడుగులు దాటదు, కిటికీకి అడ్డం రాదు. లైమ్‌లైట్ కూడా ఇదే జాతి, కానీ ఆరేడు అడుగులు పెరుగుతుంది, మాకున్న జాగాకి అది కుదరదు. బోబో చలిని తట్టుకున్నా కుందేళ్లని తట్టుకోదు పాపం, మంచు మీద కూర్చుని లేత కొమ్మలు కొరికేస్తాయి, అందుకే నవంబర్‌లో చుట్టూ చికెన్ వైర్, అంటే సన్న ఇనుప వల, కట్టాల్సిందే. ఇవాళ అది కూడా విప్పేశా, మొక్క మొదలు దగ్గర బెరడు ఎక్కడా చెక్కుచెదరలేదు, ప్రాణం లేచొచ్చింది.

అన్నీ విని అత్తయ్య, "మరి నీలం రంగు రాదా దీనికి?" అన్నారు. ఊటీలో చూసింది ఆవిడ ఇంకా మర్చిపోలేదు. దీనికి రాదు, తెల్లగా పూసి చలి మొదలయ్యే వేళకి గులాబీ రంగుకి తిరుగుతుంది. నీలం రావాలంటే మాక్రోఫిల్లా లాంటిది కావాలి, మట్టి పుల్లగా ఉండాలి, పీహెచ్ 5.5 లోపు, అప్పుడే పువ్వుకి నీలం తెచ్చే అల్యూమినియం వేరుకి అందుతుంది, మా మట్టేమో టెస్ట్ చేయిస్తే 7 పైనే ఉంది.

కుండీలో అయితే మట్టి మన చేతిలోనే ఉంటుంది కదా అని ఆవిడే అన్నారు. నిజమే! ఎండ్‌లెస్ సమ్మర్ అనే మాక్రోఫిల్లా రకం ఒకటి తెచ్చి, నవంబర్‌లో ఆకు రాలాక కుండీని గ్యారేజ్‌లోకి జరిపేస్తే మొగ్గలు బతుకుతాయి. మే నెలలో నర్సరీలు నిండగానే ఇద్దరం వెళ్తాం, ఈలోగా గ్యారేజ్‌లో పాత టైర్లు తీసి ఆ మూల ఖాళీ చెయ్యమని మా ఆయనకి రాత్రి భోజనాల దగ్గరే చెప్పేశా.