సెఖోన్ విగ్రహం దగ్గర

నిన్న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకానికి వెళ్లాను. అక్కడ 21 మంది పరమవీరచక్ర గ్రహీతల విగ్రహాలున్నాయి. వాయుసేన నుంచి ఒకే ఒక్కరు, ఫ్లయింగ్ ఆఫీసర్ నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్. ఆయన దగ్గరికొచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి.

1971 డిసెంబర్ 14, శ్రీనగర్. పొద్దున్నే ఆరు పాకిస్తాన్ సేబర్ జెట్లు ఎయిర్‌ఫీల్డ్ మీద విరుచుకుపడ్డాయి. రన్‌వే మీద బాంబులు పడుతున్నాయి. అలాంటప్పుడు టేకాఫ్ అంటే చావుకి ఎదురెళ్లడమే. సెఖోన్ ఆగలేదు. తన చిన్న నాట్ విమానాన్ని ఆ దుమ్ములోంచే పైకి లేపారు. ఆ లోయ ఆయనకు కొత్త, పైగా ఎముకలు కొరికే చలి. అయినా ఒక్కరే వాళ్లందరితో తలపడ్డారు. చివరికి విమానం దెబ్బతిని కొండల్లో కూలిపోయింది. శకలాలు దొరికాయి గానీ, ఎంత వెతికినా ఆయన మాత్రం దొరకలేదు.

ఆయనకు పెళ్లయి అప్పటికి ఏడాది కూడా కాలేదట. అది చదివినప్పటి నుంచి నా మనసు యుద్ధం మీద లేదు, ఆ ఇంటి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. కడసారి చూపు కూడా దక్కని ఆ అమ్మాయి ఆ రోజులు ఎలా గడిపిందో!

తలపాగా కట్టుకున్న ఆ కంచు ముఖం చాలా చిన్నవాడిదిలా అనిపించింది. ఫొటో కోసం తీసిన ఫోన్‌ని మళ్లీ జేబులో పెట్టేసి, చేతులు జోడించి కాసేపు అలాగే నిలబడ్డాను.